తాళం లోపల, మనం బయట

కారు తాళం పోగొట్టుకోవడం ఒక ఎత్తు. తాళం ఎదురుగా అద్దంలోంచి కనబడుతున్నా అందుకోలేకపోవడం ఇంకో ఎత్తు. ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం ముందో, రావులపాలెం అరటి మార్కెట్ పక్కనో, శనివారం వాడపల్లి వెంకన్న గుడి దారిలోనో ఇంజను ఆపకుండా, ఏసీ తిరుగుతుండగానే "రెండు నిమిషాల్లో వచ్చేస్తానుండండి" అని దిగిపోతారు. వెనకసీట్లో ఉన్న పిల్లాడు ముందుకు దూకి డ్రైవరు తలుపు మీదున్న మీటలన్నీ వరసగా నొక్కుతాడు. టక్కుమని నాలుగు తలుపులూ ఒకేసారి పడిపోతాయి. ఆ పిల్లాడికి పడిందని తెలియదు, తీయడమూ తెలియదు.

ఆ క్షణంలో తిట్టుకోవాల్సింది పిల్లాణ్ణీ కాదు, కారునీ కాదు. తాళం అనేది లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో ఎరగదు. దానికి చేరేది ఒక సంకేతం మాత్రమే. ఆ సంకేతం ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నది తెలిసినవాడు రోడ్డు మీద నిలబడిపోడు. ఎండాకాలంలో ఆ తెలివి ప్రాణం కూడా కాపాడుతుంది కనుక, ఇది మెకానిక్కుకు వదిలేయాల్సిన సంగతి కాదని నా అభిప్రాయం.

అంబాసిడర్ రోజుల్లో వ్యవహారం తేలిక. తలుపు మీద చిన్న గుబ్బ, దానికింద ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీ చివర కొక్కెం. అద్దానికీ రబ్బరుకీ మధ్య నుంచి స్టీలు స్కేలు దూర్చి ఆ కడ్డీని పైకి లాగితే తలుపు వచ్చేసేది. 1983 చివర్లో వచ్చిన మారుతి 800కి కూడా ఆ వైద్యమే చాలాకాలం నడిచింది. ఇప్పటి తలుపులో కడ్డీ స్థానంలో చాలాచోట్ల తొడుగులో నడిచే తీగ ఉంటుంది. కొక్కేన్ని కదిపేది చిన్న విద్యుత్ మోటారు. తలుపు నిండా వైర్లు, కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సర్లు. అలాంటి తలుపులో స్కేలు పెట్టి కెలికితే తాళం రాదు, మరమ్మతు ఖర్చు మాత్రం వస్తుంది. తెలిసిన తాళాలవాళ్ళు ఇప్పుడు తలుపు అంచున గాలి సంచి పెట్టి వేలెడు సందు చేసి, పొడవాటి కమ్మీతో లోపలి మీటనే నొక్కుతారు. అది వాళ్ళ చేతిలో ఉన్నంత క్షేమంగా మన చేతిలో ఉండదు.

రిమోట్ తాళం 1982లో రెనో ఫ్యూగో కారుతో మొదలైంది. ఫ్రాన్స్‌లో పాల్ లిప్‌షుట్జ్ అనే ఆయన పరారుణ కాంతితో పనిచేసేలా దాన్ని రూపొందించాడు. తర్వాత రేడియో తరంగాలు వచ్చాయి. మన దేశంలో ఇవి సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. బటన్ నొక్కిన ప్రతిసారీ తాళం ఒకే మాట చెప్పదు. లోపలున్న లెక్క ఒక అంకె ముందుకు జరుగుతుంది, ఆ అంకెనూ రహస్య సంకేతాన్నీ కలిపి కొత్త మాట తయారవుతుంది. కారు కూడా తనవైపు లెక్క పెట్టుకుంటుంది కాబట్టి, నిన్నటి మాటను దొంగ రికార్డు చేసి ఇవాళ వినిపిస్తే ఒప్పుకోదు. ఇందులో ఒక చిక్కుంది. కారుకు దూరంగా, ఇంట్లో పసివాడు రిమోట్‌ను ఆటబొమ్మలా పదేపదే నొక్కితే తాళం లెక్క బాగా ముందుకు పోతుంది. తేడా ఒక హద్దు దాటితే కారు ఆ తాళాన్ని పరాయిదిగా చూస్తుంది. రిమోట్ పిల్లల చేతికి ఇవ్వకూడదనడానికి అంతకంటే పెద్ద కారణం మరొకటుంది. లోపలున్న బిళ్ళ సెల్లును పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోగలదు. అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే స్మార్ట్ తాళం పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. హ్యాండిల్ మీది బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక బలహీనమైన పిలుపు పంపుతుంది. అది దాదాపు మీటరు దూరం దాకే వినబడుతుంది. నిద్రలో ఉన్న తాళం ఆ పిలుపుకు మేలుకొని 433 మెగాహెర్ట్జ్‌లో జవాబిస్తుంది. లోపలా బయటా కొన్ని యాంటెన్నాలు పెట్టి, తాళం ఎటువైపుందో కారు పోల్చుకుంటుంది. తాళం లోపలే ఉంటే చాలా కార్లు కీచుమని అరిచి, లాక్ అవడానికి నిరాకరిస్తాయి. జనం ఈ కాపలా మీద పూర్తిగా ఆధారపడిపోయారు. అయితే తాళంలోని సెల్లు నీరసించిందనుకోండి, కారు పిలుస్తుంది, జవాబు రాదు. జవాబు రాలేదు కనుక లోపల తాళం లేదని తేల్చుకొని తలుపులు బిగించేస్తుంది. తాళాన్ని సెల్‌ఫోన్‌కు ఆనించి సంచిలో వేసినా, స్టీలు క్యారియర్ మూతకింద పడేసినా అదే జరగవచ్చు. కార్లతో ఇచ్చే పుస్తకాల్లో ఫోను పక్కన, లోహపు డబ్బాల్లో తాళం పెట్టొద్దని రాసేది ఇందుకే.

ఆ సెల్లు సాధారణంగా సీఆర్ 2032 రకం. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. చచ్చిపోయే ముందు అది చెప్పే చావుకబురు ఒకటుంది. మొన్నటిదాకా వీధి చివరనుంచి పనిచేసిన రిమోట్, ఇప్పుడు నాలుగడుగుల దూరానికి వస్తేగానీ పనిచేయదు. ఆ రోజే మార్చేయాలి. అమలాపురంలో ఏ గడియారాల దుకాణంలోనైనా దొరికే సరుకది.

మరో ఉచ్చు ఉంది. రిమోట్‌తో లాక్ తీసి, తలుపేమీ తెరవకుండా అర నిమిషం అటూఇటూ మాట్లాడుతూ ఉంటే చాలా కార్లు తమంతట తామే మళ్ళీ లాక్ అయిపోతాయి. పొరపాటున బటన్ నొక్కుకున్నప్పుడు కారు తెరిచి ఉండిపోకూడదని పెట్టిన ఏర్పాటది. కానీ కొన్ని మోడళ్ళలో డిక్కీ తలుపును అది లెక్కలోకి తీసుకోదు. డిక్కీ తీసి, సంచులు సర్దుతూ తాళం అక్కడే పెట్టి, మూత వేసేసరికి పని అయిపోతుంది. ప్రభల తీర్థానికి వచ్చిన బంధువులు కనుమ సాయంత్రం తిరుగు ప్రయాణంలో అరిసెల డబ్బాలు, కొబ్బరికాయల బస్తాలు డిక్కీలో సర్దే హడావిడి చూస్తే, ఆ సందట్లో తాళం ఎక్కడ పెట్టేస్తారో ఊహించుకోవచ్చు. ఒక్క అలవాటు చాలు: తాళం చేతికి తగిలితేగానీ డిక్కీ మూత మీద చెయ్యి వేయకూడదు. కారు లాక్ చేయడం ఎప్పుడూ బయట నిలబడి, చేతిలో తాళంతోనే చేయాలి. లోపలి మీట నొక్కి తలుపు వేసే అలవాటుంటే ఇవాళ మానేయాలి.

కోనసీమకు ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. రాజోలు, అమలాపురం పరిసరాల్లో గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న ఇళ్ళు చాలా. వాళ్ళొచ్చినప్పుడు తిరిగే కారు మిగతా ఏడాది షెడ్డులో గుడ్డ కప్పుకొని ఉంటుంది. నిలబడి ఉన్న కారు కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అలారం, రిమోట్ కోసం చెవులు రిక్కించి ఉండే రేడియో, గడియారం, అన్నీ కలిపి 30 మిల్లీ ఆంపియర్లనుకుందాం. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుగా ఉంటే దాదాపు 1,160 గంటలు, అంటే నెలన్నర పైచిలుకులో ఖాళీ అయిపోతుంది. ఇంజను తిప్పే బలం అంతకు చాలా ముందే పోతుంది. అప్పుడు రిమోట్‌లో కొత్త సెల్లు వేసినా తలుపు కదలదు, ఎందుకంటే వినాల్సిన కారే చెవిటిదైపోయింది.

అప్పటికి దారి ఒక్కటే, ఇనుప తాళం చెవి. స్మార్ట్ తాళం పక్కనున్న చిన్న మీట జరిపితే లోపలినుంచి సన్నటి చెవి జారి వస్తుంది. డ్రైవరు తలుపు హ్యాండిల్ పక్కన దానికి రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లలో మూత కింద దాగి ఉంటుంది. ఆ రంధ్రంలో పలుచని రేకులు వరసగా, ఒక్కొక్కటి చిన్న స్ప్రింగు మీద నిలబడి ఉంటాయి. సరైన చెవి గంట్లు వాటన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే లోపలి స్తంభం తిరుగుతుంది. అయిదారేళ్ళు వాడని రంధ్రంలో ఆ రేకులు కదలవు. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి తుప్పును తొందరపెడుతుంది.

మనవాళ్ళకు తుప్పు కనబడగానే గుర్తొచ్చేది కొబ్బరినూనె. వంటకూ తలకూ ఎంత మంచిదైనా, కారు తాళానికి మాత్రం వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున ఆ రేకుల మధ్య నూనె పేరుకుపోతుంది, దానికి దుమ్ము తోడవుతుంది, స్ప్రింగు లేవదు. పొడి గ్రాఫైట్ మెత్తటి పొడి కొద్దిగా ఊది, చెవి నాలుగైదుసార్లు తిప్పితే చాలు. నెలకోసారి కారును రిమోట్‌తో కాకుండా ఆ చెవితోనే తెరవండి. షెడ్డులో ఉంచి వెళ్ళేవాళ్ళు బ్యాటరీ తీగ ఊడదీయించడమో, నమ్మకమైన మనిషితో వారానికోసారి నడిపించడమో చేయాలి. ఇక రిమోట్ సెల్లు మాత్రమే చచ్చిపోయి, కారు బ్యాటరీ బాగుంటే, ఇనుప చెవితో లోపలికి వెళ్ళి, తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు కదులుతాయి. తాళంలోని చిప్పుకు సొంత కరెంటు అక్కర్లేదు, కారు పంపే అయస్కాంత క్షేత్రం నుంచే కావలసినంత తీసుకుంటుంది.

రేవుల్లోనూ సముద్రం దగ్గరా స్నానాలకు దిగేవాళ్ళు స్మార్ట్ తాళాన్ని టైరు మీద దాచడం ఒక తప్పుడు పద్ధతి. తాళం తలుపుకు దగ్గరలోనే ఉంది కాబట్టి, ఎవరు వచ్చి హ్యాండిల్ బటన్ నొక్కినా కారు యజమానే అనుకొని తెరిచేయవచ్చు. జేబులో పెట్టుకొని దిగితే ఉప్పునీటికి లోపలి సర్క్యూటు పాడవుతుంది. గట్టు మీద ఒక మనిషిని కూర్చోబెట్టి ఆయన చేతికివ్వడమే మేలు.

ఇంతవరకూ చెప్పినవన్నీ విసుగు, ఖర్చు, ఆలస్యం. ఇక చెప్పబోయేది వేరు.

2025 మే 18, ఆదివారం. విజయనగరం పక్కన ద్వారపూడి గ్రామంలో ఆడుకోవడానికి వెళ్ళిన నలుగురు పిల్లలు నిలిపి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. పెద్దవాళ్ళు వెతికి కనుక్కునేసరికి నలుగురూ ప్రాణాలతో లేరు. దానికి నెల ముందు, ఏప్రిల్ 14న, రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలం దామరగిద్దలో పెళ్ళి పనులున్న ఇంటి దగ్గర ఇద్దరు చిన్నారి ఆడపిల్లలు అలాగే పోయారు. రెండు చోట్లా ఎవరూ పిల్లల్ని కారులో వదిలిపెట్టి వెళ్ళలేదు. తాళం వేయని కారులోకి పిల్లలే వెళ్ళారు. అందుకే ఇంటి ముందు, నీడలో, పదడుగుల దూరంలో ఉన్న కారు అయినా సరే తాళం వేసి తీరాలి. లోపలికి వెళ్ళలేకపోవడం గురించి ఇంత భయపడే మనం, లోపలినుంచి రాలేకపోవడం గురించి అంతకు పదిరెట్లు భయపడాలి.

ఇలాంటప్పుడు గాలి అందక పోయారని అనుకుంటాం. కారు పూర్తిగా గాలి చొరని పెట్టె కాదు, గాలి చెడడానికి సమయం పడుతుంది. ఎండలో నిలిపిన కారులో అంతకంటే ముందు మీదపడేది వేడి. సూర్యకాంతి అద్దంలోంచి లోపలికి వచ్చి డాష్‌బోర్డునూ సీట్లనూ కాలుస్తుంది. అవి తిరిగి వెదజల్లే వేడి కిరణాలను అద్దం బయటకు పోనివ్వదు, వేడెక్కిన గాలి పోవడానికి దారీ ఉండదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం, గంటలో కారు లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా కనబడలేదు. "అద్దం కొంచెం తీసే ఉంచాంలే" అన్న ధీమాకు శాస్త్రంలో చోటు లేదు. 2018లో అరిజోనాలో చేసిన మరో అధ్యయనంలో 38 డిగ్రీలు దాటిన రోజున ఎండలో గంటసేపు నిలిపిన కారులో గాలి 47 డిగ్రీలకు, స్టీరింగ్ 53కి, డాష్‌బోర్డు 69కి చేరాయి. నీడలో ఉన్న కారులో కూడా గాలి దాదాపు 38 ఉంది.

అరిజోనా పొడినేల. మన దగ్గర చుట్టూ గోదావరి పాయలు, కాలువలు, చెరువులు, పక్కన సముద్రం. ఒక గ్రాము చెమట ఆరితే ఒంటినుంచి సుమారు 2,400 జౌళ్ళ వేడి తీసుకుపోతుంది. కానీ గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. మూసిన కారులో పిల్లల ఊపిరి, చెమట ఆ తేమను ఇంకా పెంచుతాయి. చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్ళకంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరితే వడదెబ్బ, 42కి దగ్గరైతే ప్రాణాపాయం.

పైగా కోనసీమలో కారుకు నీడ దొరకడమూ కష్టమే. కనుచూపుమేర చెట్లే, కానీ కొబ్బరిచెట్టు కింద కారు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? కాయ రాలినా, ఎండుమట్ట ఊడినా అద్దమో పైకప్పో పోతుంది. అందుకే తోటల మధ్య ఖాళీజాగా చూసుకొని నడినెత్తి ఎండలో పెడతారు.

పిల్లవాడు లోపల చిక్కుకున్నప్పుడు లోపలినుంచి మీట తీయించే ప్రయత్నం, రెండో తాళం తెప్పించడం, కొత్త కార్లలో ఇంట్లో మరొకరి ఫోనులోని యాప్‌తో తెరిపించడం, ఇవన్నీ ఒకటి రెండు నిమిషాల్లో అయ్యేవైతేనే. ఇంజను ఆగిన కారు ఎండలో ఉంటే, పిల్లవాడు ఎర్రబడి, డీలాపడి కనిపిస్తే, తాళాలవాడి కోసం ఎదురు చూడొద్దు. 112కి ఫోన్ చేయించండి, అద్దం పగలగొట్టండి. అద్దం ఖరీదు గురించి ఆలోచించే నిమిషం కాదది.

ఏ అద్దం? ముందు అద్దం జోలికి పోవద్దు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, బీటలు వారుతుంది గానీ ఊడిరాదు. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గాజు. 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, హఠాత్తుగా చల్లగాలి కొట్టి తయారుచేస్తారు. పైపొర ముందు గట్టిపడి, తర్వాత చల్లారే లోపలిపొర దాన్ని లాగుతూ ఉండటం వల్ల గాజంతా బిగబట్టిన బలంతో నిండి ఉంటుంది. అరచేతి వెడల్పు దెబ్బను అది తట్టుకుంటుంది. సూదిమొన దెబ్బ పైపొరను చీల్చిందా, మొత్తం ఒక్కసారిగా చిన్నచిన్న గళ్ళుగా రాలిపోతుంది. కాబట్టి కొబ్బరికాయతో ఎంత గట్టిగా కొట్టినా ఎగిరి రావచ్చు. రాయి కోసం వెతుకుదామంటే ఒండ్రుమట్టి నేలలో రాయి ఎక్కడుంది? జాకీ, వీల్‌స్పానర్ డిక్కీలోనే ఉంటాయి. మన ఊళ్ళలో ప్రతి ఇంటా ఉండే సాధనం గునపం. కాయలు వలిచే గునపం మొనతో, పిల్లవాడికి దూరంగా ఉన్న పక్క అద్దం కింది మూల మీద ఒక్క పోటు చాలు. చేతికి గుడ్డ చుట్టుకోండి, మొహం పక్కకు తిప్పుకోండి.

ఈ గాజు విద్య కాలువగట్ల దారిలో మరోసారి అక్కరకొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల వెంటే మన రోడ్లు నడుస్తున్నాయి, చాలాచోట్ల గోడ లేదు. కారు నీళ్ళలో పడితే కొద్దిసేపు తేలుతుంది, అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా. తలుపు మీద అరమీటరు ఎత్తున నీళ్ళు చేరితే అవి మోపే బలం సుమారు 125 కిలోలు, ముప్పావు మీటరైతే 280. తలుపు నెట్టే ప్రయత్నంలో ఆ నిమిషం పోగొట్టుకోవద్దు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ళ తరబడి కార్లను నీళ్ళలో దించి పరీక్షించి తేల్చింది ఇదే: బెల్టు తీయాలి, అద్దం దించాలి, ముందు పిల్లలు, తర్వాత మనం బయటపడాలి. అద్దం దిగకపోతే మొనగల పనిముట్టుతో పగలగొట్టాలి. స్ప్రింగుతో పనిచేసే చిన్న పంచ్ ఒకటి డ్రైవరు సీటుకు అందేచోట కట్టి ఉంచుకోవాలి. డ్యాష్‌బోర్డు అరలో లోతుగా పడేస్తే లెక్కలోకి రాదు. పంటు మీద నది దాటేటప్పుడు అద్దాలు దించి, లాకులు తీసి, వీలైతే కారు దిగి నిలబడటం ఉత్తమం.

ఒక మనిషి పట్టుదలతో ఇలాంటి విషయాల్లో కార్ల తయారీ మారిన సందర్భం ఉంది. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెన్నెల్ దంపతులను దుండగులు డిక్కీలో బంధించారు. చీకట్లో తడుముకొని తీగ లాగి బయటపడిన ఆమె, అక్కడితో ఊరుకోకుండా ఉద్యమం నడిపింది. 2001 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కార్ల డిక్కీలలో చీకట్లో మెరిసే పిడి తప్పనిసరి అయింది. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2023 నుంచి, లోపల పిల్లలుంటే పసిగట్టే ఏర్పాటుకు మార్కులు ఇస్తోంది. కారు పైకప్పులో అమర్చిన చిన్న రాడార్ నిద్రపోతున్న పసికందు ఛాతీ కదలికను కూడా గుర్తించగలదు. మన రోడ్ల మీద తిరిగే అత్యధిక కార్లలో ఇవేమీ లేవు. ఎండలు మండే మన దేశంలోనే ముందుగా రావాల్సిన ఏర్పాటు ఇది. ఖరీదైన మోడళ్ళకే పరిమితం చేయకుండా చట్టం అడగాలి.

అది వచ్చేలోగా చేయగలిగింది మన ఇంటి ముందే ఉంది. వచ్చే ఆదివారం ఎండ చల్లబడ్డాక మీ పిల్లల్ని కారు దగ్గరికి తీసుకెళ్ళండి. వెనక తలుపు అంచున ఉన్న చైల్డ్ లాక్ మీట ఏ వైపుందో చూడండి. అది వేసి ఉంటే లోపలి హ్యాండిల్ లాగినా ఆ తలుపు రాదు కనుక, ముందు సీట్లోకి వచ్చి ముందు తలుపు తెరవాలని పిల్లలకు చూపించి, వాళ్ళ చేతే తెరిపించండి. తలుపు రాకపోతే హారన్ మీద చెయ్యి వేసి ఎవరైనా వచ్చేదాకా తీయకూడదని చెప్పండి. ఇంజను ఆగి ఉన్నా చాలా కార్లలో హారన్ మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో వాళ్ళ చేతే నొక్కించి చూడండి. రెండో తాళాన్ని బీరువాలోంచి తీసి, మీరు ఫోన్ చేస్తే పదినిమిషాల్లో తెచ్చివ్వగల మనిషి దగ్గర ఉంచండి. దానికి ముందు సెల్లు మార్చడం మరిచిపోవద్దు.